గోదావరి చరిత్రను నాణేలతో మొదలుపెట్టాలా, కథలతోనా?

హనుమకొండ పంతులు:
2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆలోపే మా బడిలో గోదావరి మీద ఒక గోడ ప్రదర్శన పెట్టాలని అనుకున్నాం. త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు పారే నది అది. మేం చూపించేది మాత్రం కందకుర్తి నుంచి భద్రాచలం దాకానే. మొదటి బోర్డు మీద ఏం పెట్టాలన్న దగ్గరే పంచాయితీ వచ్చింది. తవ్వకాల్లో దొరికినవే పెట్టాలని సోషల్ టీచర్లు పట్టుబడుతున్నారు. గౌతముడి ఆవు, కాళేశ్వర ముక్తీశ్వరులు, జంపన్నవాగు లేకుండా గోదావరి ఏంటని తెలుగు టీచర్లు అడుగుతున్నారు. నేను తెలుగు టీచర్ల వైపే. మా పిల్లల్లో చాలామంది గోదావరిని చూసింది ఏ ధర్మపురికో, కాళేశ్వరానికో ఇంటిల్లిపాదీ కలిసి పోయినప్పుడు. అక్కడ అవ్వల నోట విన్న మాటే వాళ్లకు తెలిసిన గోదావరి. దాన్ని పక్కన పెట్టి మట్టిపెంకులతో మొదలుపెడితే బోర్డు ముందు ఎవరూ నిలబడరు. మీరేమంటారు?

పాతనాణెం:
సార్, కథలు పెట్టండి, కాదనను. మొదటి బోర్డు మీద మాత్రం వద్దు. శాతవాహనులు ఎక్కడివాళ్లన్న వాదన ఎన్నో ఏళ్లు నడిచింది. నానేఘాట్, నాసిక్ శాసనాలను చూపించి పశ్చిమ మహారాష్ట్రే వాళ్ల మూలమని చాలామంది రాశారు. పురాణాలు ఆంధ్రులు అన్నాయి కదా అని మనవాళ్లు ఎంత చెప్పినా అది వాదనగానే మిగిలింది. పెద్దవాగు గోదావరిలో కలిసే చోట, కోటిలింగాలలో తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలు బయటపడ్డాకే మన మాటకు బలం వచ్చింది. అక్కడ ఇంకా గోబద, నారన, కంవాయ, సమగోప అన్న పేర్లున్న నాణేలు కూడా దొరికాయి. పురాణాల రాజుల పట్టికల్లో ఈ పేర్లు కనబడవు. పరబ్రహ్మశాస్త్రి గారిలాంటి పండితులు కూర్చొని ఆ నాణేలను చదవకపోతే, శాతవాహనులకు ముందే ఈ ఒడ్డున సొంత నాణేలు వేసుకున్న పాలకులు ఉన్నారని మనకు తెలిసేదే కాదు. ఏ అవ్వ చెప్పే కథలోనూ లేని మనుషులు వాళ్లు. మనం గోడ మీద పెట్టకపోతే వాళ్లను పిల్లలకు ఇంకెవరు చెప్తారు?

ఇంకోటి. కాళేశ్వరం దగ్గర కలిసేవి గోదావరి, ప్రాణహిత. సరస్వతి అంతర్వాహినిగా కలుస్తుందన్నది నమ్మకం. 2025 మే నెలలో అక్కడ సరస్వతి పుష్కరాలు కూడా జరిగాయి. భక్తిని నేను తప్పు పట్టడం లేదు. కానీ మ్యాపులో మూడో నదిని గీసి పెడితే రేపు కోటిలింగాల గురించి మనం చెప్పేది కూడా అలాంటిదే అనుకుంటారు.

ఉట్నూరు ఆడబిడ్డ:
అన్నా, నాణెం వేయించుకున్న రాజు సంగతి నాణెం చెప్తుంది. నాణేలు, శాసనాలు లేనివాళ్ల చరిత్ర ఎక్కడ వెతకాలి మరి? ఏటా పుష్య అమావాస్యకు ముందు గోండుల్లో మెస్రం వంశపువాళ్లు కేస్లాపూర్ నుంచి చెప్పుల్లేకుండా నడిచి, జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగుకు పోతారు. ఝరి అనే పవిత్ర పాత్రలో గోదావరి నీళ్లు పట్టుకుని మళ్లీ నడిచే తిరిగొస్తారు. ఏ ఊరి మీదుగా పోవాలి, ఎక్కడ ఆగాలి అన్నది పెద్దలు కూర్చొని నిర్ణయిస్తారు. తెచ్చిన ఝరిని ముందు మర్రిచెట్ల కింద ఉంచుతారు. అమావాస్య రాత్రి నాగదేవుడు నాగోబాకు ఆ నీళ్లతోనే అభిషేకం, దాంతోనే జాతర మొదలు. కుండలు సిరికొండ కుమ్మరులు చేసిస్తారు. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ కూడా ఆ జాతరలోనే. గోండుల కథకులైన ప్రధాన్లు కిక్రీ అనే తీగవాద్యం వాయిస్తూ వంశాల కథ చెప్తారు. ఒడ్డున లేని ఊరు, నది దగ్గరికి నడిచిపోయి దాన్ని తన దేవుడి దగ్గరికి తెచ్చుకుంటుంది. ఎవరు ఎవరికి చుట్టం, ఏ గోత్రం ఏ దారిన నడవాలి అన్నదంతా ఆ నడకలోనే ఉంది. దీన్ని జానపదం పేరుతో ఒక మూలన పెడితే నేను ఒప్పుకోను.

పాతనాణెం:
అక్కా, ఝరి యాత్ర సంగతి ఒప్పుకుంటా, అది ఏటా కళ్లముందు జరిగేదే. జంపన్నవాగు అలా కాదు. కప్పం దగ్గర గొడవొచ్చి కాకతీయ సైన్యం మేడారం మీదికి వచ్చిందని, ఓడిన జంపన్న, అంటే సమ్మక్క కొడుకు, సంపెంగవాగులో దూకాడని, ఆయన నెత్తురుతో నీళ్లు ఎర్రబడ్డాయని చెప్తారు. కాకతీయులు ఇన్ని శాసనాలు వేయించారు, వాటిలో ఆ యుద్ధం మాట దొరకలేదు. పిల్లలకు దాన్ని జరిగిన చరిత్ర అని ఎలా చెప్పగలం?

ఉట్నూరు ఆడబిడ్డ:
శాసనాలు దేనికోసం వేయించేవాళ్లో కూడా చెప్పాలి కదా. గుడి కట్టినప్పుడో, చెరువు తవ్వించినప్పుడో, భూమి దానం ఇచ్చినప్పుడో వేయించేవాళ్లు. అడవిలో కప్పం కట్టని కోయ దొర మీదికి పోయిన సంగతి దానశాసనంలో ఎందుకు రాస్తారు? అక్కడ లేదు కాబట్టి జరగలేదు అనడం తొందరపాటు. జరిగి తీరిందని నేనూ అనను. కోయల కథకులైన డోలీలు పడిగె అనే బొమ్మల గుడ్డ విప్పి చెప్పే కథకు, పట్నంలో అచ్చయ్యే కథకు తేడాలున్నాయి. మీరు పుస్తకాల్లోది చదివి కొట్టేస్తున్నారు. ముందు వాళ్లు చెప్పేది వినండి.

మంగపేట ఒడ్డు:
మేం చేపలు పట్టేవాళ్లం. మాకు అది గంగ. మీరంతా పాత సంగతులు చెప్తున్నారు గానీ నది ఇప్పటికీ పారుతోంది. పోచంపాడు దగ్గర ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ పునాదిరాయి వేశారు. ఆ కట్ట లేచాక, ఆ తర్వాత ఎల్లంపల్లి కట్టాక నీళ్లు ఎప్పుడొస్తాయి, ఎప్పుడు పోతాయన్నది గేట్లను బట్టే. ఇప్పుడు వానకాలం మబ్బు చూసి వల తీసే రోజులు పోయాయి, పైన గేట్లు ఎత్తారని ఫోన్ వస్తే తీస్తున్నాం. మీరు చెప్పే కోటిలింగాల కూడా ఎల్లంపల్లి ముంపు కిందికే వచ్చింది. ఆ మాట బోర్డు మీద రాస్తారా? 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. అది చరిత్ర కాదా?

వరద కూడా పెట్టండి. భద్రాచలం దగ్గర 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. మా దగ్గర ముసలోళ్లు ఏ వరద వచ్చినా 1986తోనే కొలుస్తారు. నీళ్లు ఎంతదాకా వచ్చాయో గోడ చూపించి చెప్తారు. గంగమ్మకు బోనం తీసేది కూడా ఆ భయం తెలిసే.

హనుమకొండ పంతులు:
మంగపేట అన్న చెప్పింది విన్నాక, కోటిలింగాల బోర్డు మీద ముంపు సంగతి లేకపోతే అది సగం బోర్డే అనిపిస్తోంది. వరద అంకెలకు విడిగా ఒక బోర్డు ఇస్తాం, నీటిమట్టాన్ని గోడ మీదే గీస్తాం. మొదటి బోర్డు మాత్రం ఝరి యాత్రకే ఇవ్వాలని నా పట్టుదల. కథ కావాలన్నా అందులో ఉంది, కళ్లతో చూడగలిగే ఆధారమూ ఉంది. నాణేలు రెండోది. జంపన్నవాగు దగ్గర డోలీలు చెప్పేది ఒక అట్ట మీద, శాసనాల్లో ఉన్నదీ లేనిదీ ఇంకో అట్ట మీద పక్కపక్కనే పెడతాం. ఏది నమ్మాలో పిల్లలే వాదించుకుంటారు.

పాతనాణెం:
వరుస నాకు ఇంకా నచ్చలేదు. ఇలాంటి నాణేలు మన జిల్లాల్లో ఉంటే రెండో బోర్డా? సరే, మీ బడి, మీ ఇష్టం. సరస్వతి అట్ట మీద మాత్రం నమ్మకం అన్న మాట కనబడాలి. అది లేకపోతే నేను నాణేల ఫొటోలు ఇవ్వను.

ఉట్నూరు ఆడబిడ్డ:
సార్, ఝరి ఫొటో గోడకెక్కించే ముందు మెస్రం పెద్దలను అడగండి. ఏది చూపించొచ్చో, ఏది చూపించకూడదో వాళ్లే చెప్తారు. జాతరలో దర్బార్ రోజున కేస్లాపూర్ వస్తే అందరూ ఒక్కచోటే దొరుకుతారు.