పాఠశాలల్లో పర్వతారోహణ గురించి మాట్లాడమంటున్నారు: వెనుదిరిగి వచ్చిన సంగతి చెప్పవచ్చా?

కొండదారి (గాజువాక):

అందరికీ నమస్కారం. నా వయసు 22. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో ప్రాథమిక కోర్సు పూర్తి చేశాను. గత ఏడాది టాంజానియాలోని కిలిమంజారో పర్వతాన్ని (5,895 మీటర్లు) ఎక్కాను. అంతకు ముందు ఏడాది మనాలీ దగ్గరి ఫ్రెండ్‌షిప్ పీక్ ఎక్కబోయి, శిఖరం కంటికి కనిపిస్తున్న చోటు నుంచి, వాతావరణం చెడిపోవడంతో వెనక్కి వచ్చేశాను.

కిలిమంజారో ఫొటో స్థానిక పత్రికలో పడిన నాటి నుంచి పాఠశాలలు, సేవాసంస్థలు మోటివేషన్ క్లాసు చెప్పమని పిలుస్తున్నాయి. ఇప్పటికి ఐదు చోట్ల మాట్లాడాను. ఒక పాఠశాలలో నేను వెనుదిరిగిన సంగతి చెప్పబోతే, "అది వద్దమ్మా, పిల్లలు నిరుత్సాహపడతారు" అని ముందుగానే ఆపేశారు. ఒక సేవాసంస్థ సభలోనైతే హాస్టల్ పిల్లలను సాయంత్రం నాలుగు గంటలకే తెచ్చి కూర్చోబెట్టారు. ముఖ్య అతిథి వచ్చేసరికి ఏడయింది. చివరకు నా చేత బ్యాగులు పంచిపెట్టించి, ఒక్కొక్కరినీ కెమెరా వైపు తిరగమన్నారు. పదో తరగతి చదివే అమ్మాయి ఒకరు తల ఎత్తలేదు. ఆ ముఖం నన్ను ఇంకా వదలడం లేదు.

మరొక సంగతి కూడా ఉంది. నా కిలిమంజారో ఖర్చులో సగానికి పైగా మా నాన్నగారు పీఎఫ్ నుంచి తీసి ఇచ్చారు. వేదిక ఎక్కి "పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమే" అన్నప్పుడల్లా ఆ పీఎఫ్ కాగితాలే గుర్తుకు వస్తున్నాయి. ఈ ప్రసంగాలు మానేయాలా, లేక వేరే విధంగా చెప్పాలా? ప్రయాణ ఖర్చులు అడగడం తప్పవుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

విశ్రాంత మాస్టారు (ఎంవీపీ కాలనీ):

అమ్మా, మానేయవద్దు. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పనిచేసినవాడిని. ఇటువంటి ప్రసంగాలు ఎన్నో ఏర్పాటు చేశాను, కొన్నింటికి చెట్టు నీడన నిలబడి కునికిపాట్లు కూడా పడ్డాను. నేను గమనించినది ఏమిటంటే, వక్త గొంతు పెంచి "మీరూ సాధించగలరు" అన్నప్పుడు పిల్లలు చప్పట్లు కొడతారు, ఎందుకంటే అక్కడ కొట్టాలని వారికి తెలుసు. అసలు ప్రశ్నలు సభ ముగిశాక, వక్త చెప్పులు వేసుకుంటున్నప్పుడు వస్తాయి: అక్కడ ఏం తింటారు, మరుగుదొడ్డికి ఎలా వెళతారు, భయం వేస్తే ఎవరికి చెబుతారు అని. మేమేమో "మేడమ్‌కు ఆలస్యమవుతోంది" అని వారిని తరిమేసేవాళ్లం. ఆ ప్రశ్నలకే మీరు సగం సమయం కేటాయించండి.

ఇక పట్టుదల మాట. మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడు సంవత్సరాల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. ఉమ్మడి రాష్ట్రం విడిపోవడానికి ఎనిమిది రోజుల ముందు జరిగిన ఘనత అది. కానీ ఆ అమ్మాయి, తోటి విద్యార్థి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి ఎంపికయ్యారని, భువనగిరి బండల మీద మొదలుపెట్టి డార్జిలింగ్‌లోనూ లద్దాఖ్‌లోనూ శిక్షణ పొందారని, పదహారేళ్లు నిండనివారిని నేపాల్ అనుమతించదు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారని ఎంతమంది వక్తలు చెబుతారు? పట్టుదల ఆ అమ్మాయిదే, సందేహం లేదు. అయితే ఆ పట్టుదలకు దారి చూపిన బడి ఉంది, శిక్షకుడు ఉన్నారు, ఖర్చు పెట్టిన ప్రభుత్వం ఉంది. అది వినకపోతే వెనుక బెంచీలోని పేద పిల్ల తనకు దారి దొరకకపోవడాన్ని తన తప్పుగానే లెక్కవేసుకుంటుంది. నాన్నగారి పీఎఫ్ సంగతి దాచుకోవలసినది కాదు, చెప్పండి.

మన విశాఖపట్నం సముద్రమట్టాన ఉన్న ఊరు కాబట్టి, కిలిమంజారో శిఖరం మీద ఆక్సిజన్ ఇక్కడి దానిలో సగమే ఉంటుందని చెప్పి, తొమ్మిదో తరగతి సైన్సు పాఠంతో ముడిపెడితే ఉపాధ్యాయులు కూడా శ్రద్ధగా వింటారు.

తాడుముడి (సీతమ్మధార):

మాస్టారి మాటకు చిన్న సవరణ. గాలిలో ఆక్సిజన్ శాతం శిఖరం మీద కూడా సుమారు 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. కిలిమంజారో మీద పీడనం దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి ఒక్కో శ్వాసతో లోపలికి వెళ్లే ఆక్సిజన్ కూడా సగమవుతుంది. పిల్లలకు ఈ తేడా విప్పి చెబితే చక్కగా పట్టుకుంటారు.

వెనుదిరిగిన కథను మాత్రం ఎవరు వద్దన్నా చెప్పండి. నేను వారాంతాల్లో ట్రెక్కింగ్‌కు పిల్లలను తీసుకువెళతాను. కొన్నేళ్ల కిందట ఒక పాఠశాలలో "భయాన్ని జయించండి" అనే ప్రసంగం జరిగిన వారంలోనే, ముగ్గురు అబ్బాయిలు ఇంట్లో చెప్పకుండా యారాడ వైపు కొండెక్కి, దిగే దారి తెలియక చీకటి పడేదాకా అక్కడే ఉండిపోయారు. టార్చిలైట్లు పట్టుకొని వెతికిన వారిలో నేనూ ఒకడిని. వారికి ఎక్కమని చెప్పినవారున్నారు కానీ, ఎప్పుడు దిగాలో చెప్పినవారు లేరు.

మీకు తెలిసినదే అయినా ఇతరుల కోసం రాస్తున్నాను. మంచు శిఖరాలకు అర్ధరాత్రి దాటాక బయలుదేరేది ఎండెక్కితే మంచు మెత్తబడి కాళ్లు కూరుకుపోతాయని, పైనుంచి రాళ్లూ మంచూ జారే ప్రమాదం పెరుగుతుందని. అందుకే ఫలానా గంటకల్లా ఎక్కడ ఉన్నా వెనక్కి తిరగాలని ముందే నిర్ణయించుకుంటారు. ఆ గడువును కింద, ప్రశాంతంగా ఉన్నప్పుడు పెట్టుకోవాలి. పైన అలసిపోయిన మెదడు అబద్ధం చెబుతుంది. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలను ఎక్కిన మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు అంతటి అనుభవజ్ఞుడు 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయారు. ఆయన పేరు గౌరవంతో చెబుతూనే, కొండకు ఎవరి పేరూ తెలియదన్న సంగతి కూడా పిల్లలకు చెప్పవచ్చు.

సాగరతీరం (పెదవాల్తేరు):

సేవాసంస్థలో పనిచేస్తున్నాను కనుక ఆ సభ గురించి మాత్రమే రాస్తాను. సంరక్షణ గృహాల్లో ఉండే పిల్లల గుర్తింపును మీడియాలో బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది. అన్ని హాస్టళ్లూ ఆ కోవలోకి రావు. అయినా తల ఎత్తని అమ్మాయి ఫొటో తీయకూడదని తెలుసుకోవడానికి సెక్షన్ అవసరం లేదు. పిలుపు వచ్చినప్పుడే, పిల్లలతో మీరు విడిగా పగటిపూట మాట్లాడతారని, విరాళాల సభ పెద్దలకు మాత్రమేనని, పంపిణీ ఫొటోలకు నిలబడరని ఒక చిన్న ఉత్తరంలో రాసి పంపండి. ఒప్పుకోని వారి సభకు వెళ్లకపోయినా నష్టం లేదు.

విరాళాలు మీ పేరు మీద అడుగుతున్నప్పుడు, ఆ డబ్బు దేనికి వెళుతుందో, విరాళమిచ్చేవారికి ఆదాయపు పన్ను మినహాయింపు (80జీగా పిలిచేది) వచ్చే అనుమతి ఆ సంస్థకు ఉందో లేదో తెలుసుకోండి. రెండు వేల రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు రాదు కాబట్టి, నిజాయితీ గల సంస్థ చెక్కు గానీ ఆన్‌లైన్ చెల్లింపు గానీ అడుగుతుంది. ప్రయాణ ఖర్చులు అడగడంలో తప్పేమీ లేదు. శాలువాకు, మెమెంటోకు, మీ నిలువెత్తు ఫ్లెక్సీకి డబ్బు ఉన్నవారికి ఆటో ఖర్చు బరువు కాదు. ప్రభుత్వ పాఠశాలలకు ఉచితంగా వెళ్లండి, ప్రైవేటు వారి దగ్గర తీసుకోండి.

ఇద్దరు పిల్లల తండ్రి (మర్రిపాలెం):

పెద్దలందరూ స్ఫూర్తి అన్న మాటనే అనుమానిస్తున్నట్టు ఉంది. నేను ఒప్పుకోను. ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి 'తారిణి' అనే తెరచాప పడవలో బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి 254 రోజులకు తిరిగి వచ్చారు. వారిలో మన విశాఖపట్నానికి చెందిన లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి ఉన్నారని తెలిసిన రోజు మా పెద్దమ్మాయి ఏ వివరమూ అడగలేదు. "మన ఊరా?" అని మాత్రం అడిగింది. ఆ వేసవిలోనే ఈత నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఒక్కోసారి పిల్లలకు ఆ ఒక్క మాట చాలు. వివరాలు చెప్పండి, కాదనను. కానీ గాజువాక నుంచి వచ్చానన్న మాట మొదటే, గట్టిగా చెప్పండి.

కొండదారి (గాజువాక):

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, పీఎఫ్ సంగతి చెప్పవచ్చా అని నాన్నగారిని అడిగాను. "చెప్పు, కానీ ఎంతో చెప్పకు" అన్నారు. వచ్చే శనివారం ఆనందపురం దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో మాట్లాడాలి. ఇరవై నిమిషాలకు బదులు రెండు పీరియడ్లు అడిగితే ఇచ్చారు. మొదటిది ఫ్రెండ్‌షిప్ పీక్‌కు, రెండోది పిల్లల ప్రశ్నలకు. బూట్లు, తాడు, క్రాంపాన్లు (మంచు మీద జారకుండా బూట్లకు తగిలించే ముళ్ల పట్టీలు) తీసుకువెళుతున్నాను. క్రాంపాన్ల ముళ్లకు తొడుగులు ఉంటాయా అని హెడ్మాస్టరు గారు ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేసి అడిగారు. ఉంటాయని చెప్పాను.