సమస్యాపూరణం: “నీరు గుట్టనెక్కె నిలిచి నిలిచి”

పద్యపేటిక (నిర్వహణ): ఈ వారం అంశం గోల్కొండ కోట. సమస్య ఇది:

“నీరు గుట్టనెక్కె నిలిచి నిలిచి”

ఛందస్సు ఆటవెలది. ఇది నాలుగో పాదం, పైనున్న మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూర్తిచేయాలి. నీరు పల్లానికి పారుతుంది గానీ గుట్ట ఎక్కుతుందా అన్నదే చిక్కు. కోటకు వెళ్లినవాళ్లంతా ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడతారు, గుట్ట కొసనున్న బాలాహిస్సార్ దాకా ఎక్కి ఫొటో దిగుతారు, దిగొచ్చేస్తారు. గోడల్లో సున్నం గచ్చు మధ్య పొదిగిన మట్టి గొట్టాలను చూసేవాళ్లు తక్కువ. కాకతీయుల నాటి మట్టికోట కుతుబ్‌షాహీల చేతిలో రాతికోట అయింది. 1518 నుంచి 1687 వరకు, రాజధాని 1591లో హైదరాబాదుకు మారాక కూడా, ఆ గుట్టమీద మనుషులు నీళ్లు తాగే బతికారు కదా. ఆ నీళ్లు పైకెలా వెళ్లాయి? అలాగే పూరించాలని నియమం లేదు, కన్నీరైనా చెమటైనా సరే. కానీ కోట కనబడాలి. ఏ గుట్టకైనా అతికే పద్యం నాకొద్దు.

మణికొండ మావయ్య: నా పూరణ.

చెరువు నీటి కొరకు చిన్న కుండలు కట్టి
చక్ర మెద్దు తిప్ప చప్పుడగుచు
తొట్టి తొట్టి నిండి దొంతులై పైపైకి
నీరు గుట్టనెక్కె నిలిచి నిలిచి

దుర్గం చెరువు నీళ్లు కోటకు వచ్చేవి. అక్కడి నుంచి పర్షియన్ వీల్స్‌తో (కుండలు కట్టి ఎద్దులతో తిప్పే చక్రాలు) ఒక తొట్టిలోంచి పై తొట్టిలోకి, అందులోంచి ఇంకా పైకి. ఆ అంచెలే “నిలిచి నిలిచి”.

పద్యపేటిక: మావయ్యగారూ, గణాలు (గురులఘువుల గుంపులు), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడే జత అక్షరం) శుభ్రంగా ఉన్నాయి. రెండు చోట్ల మాత్రం ఆగాను. “చప్పుడగుచు” అంటే ఆ చప్పుడయ్యేది ఎవరు? ఎద్దా, నీరా? అన్వయం జారిపోయింది. “చప్పుడవగ” అంటే గణం అలాగే ఉంటుంది, అర్థం నిలబడుతుంది. రెండోది “దొంతులై”. కుండల్ని దొంతిగా పేరుస్తాం, నీళ్లను పేర్చలేం. “తొట్టి తొట్టి నిండి తొందరపడకుండ” అని చూడండి. తొ–తొ యతి కుదిరింది, చివరి పాదంలోని “నిలిచి నిలిచి”కి ముందే దారి పడింది.

మణికొండ మావయ్య: “తొందరపడకుండ” బావుందండీ, తీసుకుంటున్నాను. “చప్పుడవగ” కూడా.

లంగర్‌హౌస్ లలిత: నాది ఇప్పటి కాలం నీరు.

మెట్టు మెట్టుకాగి మేనత్త కూర్చుండ
సంచిలోన సీస చల్లగుండ
మోసినాను నేను మూడొందలకు పైన
నీరు గుట్టనెక్కె నిలిచి నిలిచి

కందపద్యం: లలితగారూ, చదవగానే మా ఇంట్లోవాళ్లతో వెళ్లిన రోజు కళ్లముందుకొచ్చింది. మేనత్త కూర్చోవడం వల్లే నీరు కూడా ఆగుతూ ఎక్కింది, సమస్య చక్కగా విడిపోయింది. కానీ “మూడొందలకు పైన” ఏమిటి? మెట్లా, గజాలా? మొదటి పాదం నుంచి తెచ్చుకోవాల్సి వస్తోంది. “మోసినాను నేను మూడు వందల మెట్లు” అంటే సరిపోతుంది. మెట్లు సుమారు 360 అని చెబుతారు, మూడు వందలన్నా పద్యంలో తప్పుపట్టరు.

లంగర్‌హౌస్ లలిత: సరేనండీ. మేనత్తను మాత్రం మార్చను. ఆవిడ కోసమే రాశాను.

పద్యపేటిక: మార్చొద్దమ్మా. పద్యానికి ఆవిడే ప్రాణం. ఒక్క మాట. మొదటి పాదంలో “కూర్చుండ”, రెండులో “చల్లగుండ”. పక్కపక్కనే “ఉండ” రెండుసార్లు మోగింది. చెవికి అడ్డు అనిపిస్తే చూడండి.

భద్రాద్రి బాటసారి: రామదాసు చెరసాల చూశాక రాకుండా ఉంటుందా?

బందిఖాన లోన భద్రాద్రి రాముని
తలచి తలచి పాడ దాసు గొంతు
జీరవోయె నంత చెక్కిళ్ళ జారు క
న్నీరు గుట్టనెక్కె నిలిచి నిలిచి

కందపద్యం: “క” అక్షరాన్ని మూడో పాదం చివర నిలిపి “కన్నీరు” చేయడం పాతకాలం నుంచి వస్తున్న ఉపాయమే, అవధానాల్లో చూస్తూనే ఉంటాం. “జారుక” రగణం (గురువు, లఘువు, గురువు) అయింది, న్నీ–ని యతి చెల్లింది. నా సందేహం వేరే. చెక్కిళ్ల మీద జారేది కిందికి పోతుంది, మరుపాదంలో గుట్ట ఎక్కుతుంది. ఏ గుట్ట? గోల్కొండా, భద్రాచలమా?

భద్రాద్రి బాటసారి: భద్రాచలం గుట్టే. గోపన్న, అంటే రామదాసు, పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడని గోల్కొండ నవాబు తానీషా కాలంలో ఇక్కడ బంధించారు. ఒళ్లు ఈ గుట్టమీద, మనసు ఆ గుట్టమీద. కన్నీరు జారింది ఇక్కడ, చేరింది అక్కడ. ఆ వైరుధ్యం కావాలనే ఉంచాను, మార్చను.

పద్యపేటిక: నేను బాటసారిగారి పక్షమే. “నిలిచి నిలిచి” ఇక్కడ ఏడుపులో వెక్కిళ్లలా వినిపిస్తోంది. ఆ చెరసాల లోపల పైనుంచి పడే కాస్త వెలుగులో గోడమీది దేవతామూర్తుల్ని చూసినవాళ్లకు మొదటి పాదం మరింత దగ్గరవుతుంది. కాకపోతే కోట పేరు ఎక్కడా లేదు. బందిఖానా అనగానే తెలుగువాడికి గోల్కొండే గుర్తొస్తుంది కాబట్టి ఒప్పుకుంటున్నాను.

కొత్తకలం: మొదటిసారి రాస్తున్నాను, పెద్దలు చూడగలరు.

చప్పటొకటి కొట్ట సడి కొండ పైకేగె
ఫతే దర్వాజ వద్ద పదుగురు వినగ
శబ్ద మెక్కు చోట సంశయమేలకో
నీరు గుట్టనెక్కె నిలిచి నిలిచి

కందపద్యం: ఊహ చాలా బావుంది తమ్ముడూ! సడి ఎక్కిన చోట నీరెందుకు ఎక్కదు అన్నావు. ఒకటి, మూడు పాదాలు తిరుగులేనివి. రెండో పాదమే కుంటుపడింది. “ఫతే” లఘువు, గురువు. అది ఇక్కడ రావాల్సిన సూర్యగణం (గురువు, లఘువు లేదా మూడు లఘువులు) కాదు, కాబట్టి పాదం మొదట్లోనే తడబడింది. పేరు వదిలేసి “దర్వజాన నిలిచి దాని వినగ” అను. ద–దా యతి.

పద్యపేటిక: ఇంకొకటి కొత్తకలంగారూ. చప్పట కొట్టేది దర్వాజా కింద, వినేది కిలోమీటరు దూరంలో పైన. మీరు వినేవాళ్లను కిందే నిలబెట్టారు. కావలివాళ్లకు కబురందడానికి చేసిన ఏర్పాటు అది, పైన వినబడటమే దాని గొప్ప. “దర్వజాన నిలిచి తలవరులకు” అంటే? ద–త యతి చెల్లుతుంది, తలవరులు కోట కావలివాళ్లు. “తలవ” “రులకు” రెండూ నగణాలే (మూడు లఘువులు). చప్పట కావలివాళ్లకు చేరింది అన్న అర్థం వస్తుంది.

ఆషాఢం: బోనాలు మొదలయ్యేది గోల్కొండలోనే కదా, ఎవరూ రాయలేదేమిటి?

ఆది బోనమెత్తి ఆషాఢ మాసాన
మంచి పసుపు నీట మండ వేసి
సాక పోయ నెత్తి చల్లగా మోయంగ
నీరు గుట్టనెక్కె నిలిచి నిలిచి

మణికొండ మావయ్య: అమ్మా, సాక నీళ్లు, అమ్మవారికి పోసే నీళ్లు! పసుపు, వేపమండ, నెత్తిన చెంబు, పైన జగదాంబ గుడి. డప్పు కోసం ఆగుతారు, పూనకం వస్తే ఆగుతారు. “నిలిచి నిలిచి” ఎంత సహజంగా పడిందో.

పద్యపేటిక: “ఎత్తి” తర్వాత అచ్చు పెట్టారు. క్త్వార్థానికి (“ఎత్తి”, “చేసి” వంటి క్రియకు) సంధి లేదు కాబట్టి యడాగమం వచ్చి (మధ్యలో “య” చేరి) “బోనమెత్తి యాషాఢ” అవుతుంది, ఆ–యా యతికి ఇబ్బంది లేదు. ఇదొక్కటే నా సవరణ.

ఇక నా ఎంపిక. బోనం పద్యం, ఎద్దు పద్యం మధ్య చాలాసేపు ఊగాను. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా ఏలిన కోట ఇది. రాజును పొగిడే పద్యాలు ఆనాడే పుట్టాయి. గానుగెద్దులా తిరిగి రాణివాసానికి నీళ్లెక్కించిన పశువును, దాన్ని తోలిన మనిషిని ఎవరు పాడారు? మావయ్యగారి పద్యంలో రాజు లేడు, చక్రం చప్పుడు ఉంది. ఈ వారం అదే మొదటిది:

చెరువు నీటి కొరకు చిన్న కుండలు కట్టి
చక్ర మెద్దు తిప్ప చప్పుడవగ
తొట్టి తొట్టి నిండి తొందరపడకుండ
నీరు గుట్టనెక్కె నిలిచి నిలిచి

లంగర్‌హౌస్ లలిత: మావయ్యగారికి అభినందనలు. అయినా నా ఓటు బోనానికే. ఎద్దుల చక్రాలు ఆగిపోయాయి, సాక నీళ్లు ఏటా ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి.