అప్‌డేట్: సువార్త యాత్ర ముగించుకొని నెల్లూరు చేరుకున్నాము

మద్దిపాడు వైపు ఒక పల్లెలో సువార్త పరిచర్య ముగించుకొని వచ్చేటప్పుడు, ఆతిథ్యమిచ్చిన సంఘానికి వీడ్కోలు కానుకగా ఏమి ఇవ్వాలని, యవనస్థులతో నెల్లూరుకు రైలులో రావాలా, బస్సులో రావాలా అని నేను అడిగాను. సలహాలిచ్చిన పెద్దలందరికీ వందనములు.

అక్కడి పాస్టరుగారినే అడగమన్న సలహా మాకు మేలు చేసింది. చత్వారం వచ్చిన వృద్ధులు చదువుకోలేకపోతున్నారని ఆయన చెప్పగా, పెద్ద అక్షరాల బైబిళ్ళు తెప్పించాము. ఆదివారం ఆరాధన తరువాత వాటిని అందజేసినప్పుడు, ఒక అవ్వ తన ప్రతిని గుండెకు హత్తుకొని, మా అమ్మాయిల తలలపై చేతులుంచి చాలాసేపు ప్రార్థించారు. అప్పటివరకు నిబ్బరంగా ఉన్న మా పిల్లలు ఏడ్చేశారు. నేను కూడా ఆపుకోలేకపోయాను.

దారిలో వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఒడ్డున ఆగాము. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినది ఈ నదిలోనే. కరవుకాలంలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి పని కల్పించిన మిషనరీ క్లౌ దొర, అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపి ఉంచారని చెప్పినప్పుడు, పిల్లలు ఎన్నో ప్రశ్నలు వేశారు. ఆ నిగ్రహమే నాకు అన్నిటికంటే గొప్పదిగా తోచింది.

ఒంగోలు నుండి రైలులోనే వచ్చాము. పల్లె తల్లులు కట్టి ఇచ్చిన పులిహోర కావలి దాటకముందే అయిపోయింది. క్షేమంగా చేరామని రాత్రే పాస్టరుగారికి ఫోను చేశాను.