రాత్రిళ్లు కుక్కపిల్ల ఏడుపు ఆపేదెలా?

మాది గుంటూరు, బ్రాడీపేట. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. నాలుగు రోజుల క్రితం 8 వారాల లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాం. పగలంతా బంగారమే. రాత్రి లైటు ఆపగానే కుయ్ కుయ్‌మని మొదలుపెట్టి, ఊళలోకి దిగుతుంది. కుక్క ఊళ పెడితే అరిష్టమని పక్క ఫ్లాట్ మామ్మగారు నిన్న పొద్దున్నే గుమ్మంలో నిలబడి మరీ చెప్పి వెళ్లారు.

మొదటి రెండు రాత్రులు హాల్లో అట్టపెట్టెలో పడుకోబెట్టాం. గీకి గీకి పెట్టెకు కన్నం చేసింది. మూడో రాత్రి పెట్టెను మా మంచం పక్కకే తెచ్చి, చెయ్యి అందులోకి వేలాడేసి పడుకున్నా. నా వేలు నోట్లో పెట్టుకుని ఒంటిగంట దాకా నిద్రపోయింది! తర్వాత మళ్లీ అదే గోల. బాల్కనీలో పేపర్ మీద వదిలితే వెంటనే ఉచ్చ పోసింది. టీకాలన్నీ పూర్తవలేదు, పార్వో (కుక్కపిల్లలకు సోకే ప్రమాదకరమైన వైరస్ జబ్బు) భయంతో కిందికి దించట్లేదు.

ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే అదే అలవాటైపోతుందా? రాత్రి 8కి పెరుగన్నం పెడుతున్నాం, ఇంకా ముందే పెట్టాలా? అలారం పెట్టుకుని అది ఏడవకముందే మనమే లేపి బాల్కనీలోకి తీసుకెళ్లడం మంచిదా? పెంచినవాళ్లు కాస్త చెప్పండి. ఆఫీసులో కునికిపాట్లు పడుతున్నా.