కేరళ ప్రభుత్వ లాటరీ: బహుమతి అందాలంటే ముందుగా జీఎస్టీ కట్టాలా?

ప్రశ్న (చిత్తూరు నుంచి ఒక సభ్యుడు):
మా బావ మాల వేసుకుని శబరిమల వెళ్లి, తిరుగు దారిలో 400 రూపాయలు పెట్టి కేరళ ప్రభుత్వ క్రిస్మస్–నూతన సంవత్సర బంపర్ టికెట్టు కొన్నారు. డ్రా అయిన వారానికి ఆయన వాట్సాప్‌కు మూడు సింహాల ముద్ర, ఆయన పేరు ఉన్న ఒక చెక్కు ఫొటో వచ్చింది. 18,500 రూపాయలు జీఎస్టీ కడితే సొమ్ము ఖాతాలో పడుతుందని దాని కింద తప్పుల తెలుగులో రాశారు. తాను టికెట్టు కొన్న మాట నిజమే కనుక ఇది మోసం కాదని బావ వాదన. పైగా మొదటి బహుమతి నంబరుకూ తన నంబరుకూ చివరి అంకె ఒక్కటే తేడా కావడంతో, ఈసారి అంచుదాకా వచ్చింది కాబట్టి వచ్చేసారి తప్పక తగులుతుందని కూడా అంటున్నారు. మన రాష్ట్రంలో ప్రభుత్వ లాటరీయే లేనప్పుడు, గెలిచినా ఇక్కడివారికి ఇస్తారా అన్నది నా సందేహం.

జవాబు 1 (పన్నుల పని చేసే తిరుపతి సభ్యుడు):
దయచేసి ఒక్క రూపాయి కూడా పంపనివ్వకండి. లాటరీ మీద జీఎస్టీ టికెట్టు ధరలోనే కలిసి ఉంటుంది, అంటే మీ బావ దానిని కొన్న రోజే కట్టేశారు. 10,000 రూపాయలు దాటిన బహుమతిపై 30 శాతం ఆదాయపు పన్నును సొమ్ము ఇచ్చే ముందే మినహాయించుకుంటారు తప్ప, గెలిచినవారి చేత ముందుగా కట్టించుకోరు. 20 కోట్ల మొదటి బహుమతిలో ఏజెంటు కమీషన్ 10 శాతం పోగా 18 కోట్లు, అందులో పన్ను 5 కోట్ల 40 లక్షలు పోగా 12 కోట్ల 60 లక్షలు మిగులుతాయి. సర్‌ఛార్జి, సెస్సు ఆ తరువాతి లెక్క. మన ఊళ్లో ఈ మోసం సులువుగా చెల్లడానికి శ్రీవారి సేవల లక్కీ డిప్ అలవాటు కూడా కొంత కారణమని నాకు అనిపిస్తుంది. అక్కడ పేరు ఉచితంగా నమోదు చేసుకుంటాము, ఎంపికైనట్టు మెసేజ్ వచ్చాక డబ్బు కడతాము. లాటరీలో వరుస సరిగ్గా దీనికి తలకిందులు.

జవాబు 2 (పలమనేరు, విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు):
చివరి అంకె ఒక్కటే తప్పిందన్న బాధ లెక్కకు నిలవదు. నంబరులోని ప్రతి అంకె యంత్రంలో విడివిడిగా పడుతుంది కనుక, 7 పక్కన 8 ఉండడం వల్ల 8కి ఏ చుట్టరికమూ రాదు. నంబరుతోపాటు ముందున్న సీరీస్ అక్షరాలు కూడా కలిస్తేనే మొదటి బహుమతి. మీ బావ వాటిని చూశారో లేదో అడగండి. ఆరంకెల నంబర్లు సీరీస్‌కు 9 లక్షలు, సీరీసులు 10 అనుకుంటే మొత్తం 90 లక్షల టికెట్లు. చట్టప్రకారం ఏడాదికి బంపర్ డ్రాలు ఆరుకు మించకూడదు కాబట్టి, ఆయన ఒక్కటీ వదలకుండా 50 ఏళ్లు కొన్నా 300 టికెట్లే అవుతాయి, అంటే 30,000లో ఒక వంతు అవకాశం. అదీ టికెట్టు 400 చొప్పున లెక్కేస్తే 1,20,000 రూపాయలకు.

జవాబు 3 (పాలక్కాడ్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసిన సభ్యుడు):
ఇక్కడివారికి ఇవ్వరన్నది అపోహే. 1998 నాటి లాటరీల నియంత్రణ చట్టం ఇతర రాష్ట్రాల టికెట్ల అమ్మకాన్ని తమ పరిధిలో నిషేధించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. తమిళనాడు 2003లోనే లాటరీలను నిషేధించింది. అయినా 2023 ఓణం బంపర్ 25 కోట్లు తమిళనాడు వారికే దక్కాయి. కేరళ లాటరీ కాగితం టికెట్టే. ఆన్‌లైన్‌లో అమ్మేవారెవరైనా నకిలీలే. కొన్నప్పుడు ఎవరూ మీ బావ పేరు, ఫోన్ నంబరు రాసుకోరు కాబట్టి, పేరుతో చెక్కు రావడమే అసంభవం. అసలు టికెట్టు వెనుక సంతకం, చిరునామా రాసి, డ్రా జరిగిన 30 రోజులలోపు గెలిచినవారే అడగాలి. చిన్న బహుమతులు చివరి నాలుగంకెల మీద ఉంటాయి, అవి సరిచూసుకోండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
అందరికీ ధన్యవాదాలు. ఇరుముడి సంచిలోంచి టికెట్టు తీయించి చూశాము: సీరీస్ అక్షరాలే వేరు, చివరి నాలుగంకెలు కూడా ఎక్కడా కలవలేదు. ఆ వాట్సాప్ నంబరును బ్లాక్ చేయించి, సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాము. బావ మాత్రం కేరళవారి విషు పండుగ బంపర్ ఎప్పుడని అడుగుతున్నారు.