ఎఫ్-1 (అమెరికా స్టూడెంట్ వీసా) మీద ఉండి కాల్‌క్యులస్ వదిలేయొచ్చా?

మా తమ్ముడు కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో 13 యూనిట్లు తీసుకున్నాడు. 5 యూనిట్ల కాల్‌క్యులస్ వదిలేస్తానంటున్నాడు. తర్వాత యూసీ డేవిస్‌కి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా డేవిస్ క్యాంపస్) ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లాలని. ముందు ఎవర్ని కలవాలి?

జవాబు 1: డ్రాప్ బటన్ నొక్కొద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి! 5 పోతే మిగిలేది 8. ఎఫ్-1కి 12 తప్పనిసరి. ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే కాలేజీ అధికారి) అనుమతి ముందుగా సెవిస్‌లో (ప్రభుత్వ విద్యార్థి రికార్డుల వ్యవస్థ) పడాలి, ఆ తర్వాతే డ్రాప్. వరస తిరగబడితే స్టేటస్‌కే ముప్పు.

జవాబు 2: అసలు వదలడమెందుకు? మ్యాథ్ ట్యూటరింగ్ చాలా కాలేజీల్లో ఉచితమే. రాని లెక్క చేత్తో పట్టుకుని వెళ్లమనండి.

జవాబు 3: డేవిస్‌కి ట్యాగ్ (షరతులు తీరిస్తే కమ్యూనిటీ కాలేజీ నుంచి సీటు గ్యారంటీ ఇచ్చే పథకం) ఉంది, దరఖాస్తు సెప్టెంబరు 1 నుంచి 30 లోపే. బర్కిలీకి లేదు. అసిస్ట్ (assist.org) సైటులో తన కాలేజీ, డేవిస్, మేజర్ ఎంచుకుంటే ఏ కోర్సు దేనికి సరిపోతుందో పట్టిక వస్తుంది. దాన్ని ప్రింట్ తీసుకుని ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్‌ని కలవాలి. ఇంజనీరింగ్ అయితే ఈ కాల్‌క్యులస్ ఎలాగూ తప్పదు.