"మనసు విరిగెనేని మరి..." తర్వాతేంటి?

పెదవాల్తేరు: పొద్దుట్నించీ "ఇనుము విరిగెనేని ఇరుమారు ముమ్మారు, కాచి యతుకనేర్చు గమ్మరీడు" అనే వేమన పద్యం మూడో పాదం నోట్లో నానుతోంది. "మరి యంటనేర్చునా" అనా, "మరి చేర్చరాదయా" అనా? ఎందుకంటే, మా ల్యాబ్‌లో వేరుశెనగ పిండిని 70 శాతం మెథనాల్‌లో కలిపి అఫ్లాటాక్సిన్ అనే బూజు విషాన్ని లాగుతాం. దాన్ని బఫర్‌తో ఏడింతలు పలచన చేసి, మెథనాల్ 10 శాతానికి దిగాకే ఎలైజా (విషాన్ని పట్టుకునే యాంటీబాడీ అనే ప్రొటీన్‌తో చేసే పరీక్ష) ప్లేటులో పోయాలి. నిన్న కొత్త కుర్రాడు తిన్నగా పోసేశాడు. నీలం తిరగాల్సిన వెల్స్ (ప్లేటు గుంటలు) తెల్లగా ఉండిపోయాయి. మాది పోటీ పద్ధతి, యాంటీబాడీ గింజలోని విషానికి అంటుకుపోతే రంగు తగ్గుతుంది, అంటే రంగు తగ్గితే విషం ఎక్కువని లెక్క. మంచి గింజలు కూడా విషమని తేలాయి! గోడ మీద "యాంటీబాడీ విరుగుతుంది" అని కాగితం అంటిద్దామనుకున్నా. ఆ మాట సరేనా?

గాజువాక మాస్టారు: "యంటనేర్చునా"యే. అనుమానం అక్కర్లేదు.

సీతమ్మధార: మాకు బళ్లో చెప్పింది "చేర్చరాదయా". గణాలు చూడండి మాస్టారూ, రెండింటికీ సలము, రగణం. యతి ఎలాగూ "మరి" దగ్గరే. ఛందస్సు మీ పక్షాన లేదు.

గాజువాక మాస్టారు: ఛందస్సు సరే, అర్థం చూడమ్మా. చేర్చడానికి ఇంకొకడు కావాలి. అంటుకోవడం మనసు తనంతట తను చేసే పని. వేమన్న అడిగింది అదీ. యాంటీబాడీ పనీ అంటుకోవడమేగా!

భీమిలి: విరగడం అంటే నాకు పాలే. మా అమ్మ "పాలు విరిగిపోనాయి" అంటాది. విషానికి విరుగుడూ అక్కడిదే. పాముకాటు విరుగుడు మందులో ఉండేవి గుర్రం యాంటీబాడీలు. విరుగుడే విరిగితే?

పెదవాల్తేరు: అక్కడే నా తంటా. మెథనాల్ కొంచెమే ఉంటే చాలాసార్లు యాంటీబాడీ ఆకారం చెడదు, పట్టు సడలుతుందంతే. నీటికి దూరంగా ఉండాలనుకునే భాగాల వల్ల చాలావరకు ఆ పట్టు. ద్రావణి చేరితే ఆ అవసరం తగ్గిపోతుంది. పలచన చేస్తే మళ్లీ పట్టుకుంటుంది. మోతాదు మించితే మడతలు విప్పుకుని, ఒకదానికొకటి అంటుకుని ఉండ కడుతుంది, ఇక తిరిగి రాదు. అసిటోనైట్రైల్ అనే ఇంకో ద్రావణికైతే చాలా యాంటీబాడీలు ఇంకా తొందరగా లొంగిపోతాయి.

సీతమ్మధార: అయితే మొదటిది ఇనుము, రెండోది మనసు. రెంటికీ వేమన్న "విరిగెనేని" అనే వాడాడుగా, మీరూ వాడండి.

గాజువాక మాస్టారు: ఒప్పుకోను. మొదటిది విరగడం కాదు, సడలడం. అసలు ఆ పద్యానికి ప్రాణం "కాచి". ఇనుము కాస్తే అతుకుతుంది, పాలు కాస్తే ఒక్కోసారి విరుగుతాయి. ఒకే క్రియ, రెండు ఫలితాలు! 1829లోనే బ్రౌన్ దొర వేమన పద్యాలు అచ్చేయించాడంటే ఊరికేనా?

భీమిలి: యాంటీబాడీని కాస్తే?

పెదవాల్తేరు: పాలే. కాగితం మీద "పలచన చేశాకే పోయాలి" అని రాసి అంటించేశా. విరుగు, సడలు రెండూ కొట్టేశా.

సీతమ్మధార: మాస్టారూ, "ఇరుమారు ముమ్మారు" అన్నాడు కదా, నాలుగోసారి ఇనుము కూడా అతకదనా?